కూల్చే రోజునే రాసినవాళ్ళు

ఢిల్లీలో ప్రగతి మైదాన్‌కు ఎదురుగా, రింగ్ రోడ్డుకూ యమునకూ మధ్య నంగ్లా మాంచీ అనే బస్తీ ఉండేది. పక్కనున్న విద్యుత్ కేంద్రం బూడిద పోసిన నేల అది. బీహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కూలికొచ్చినవాళ్ళు ఆ బూడిద మీద మట్టి పోసి చదును చేసుకున్నారు. ముందు గుడిసె వేసి, చేతిలో నాలుగు పైసలు ఆడాక ఇటుక గోడ లేపి, ఏళ్ళ తరబడి కాపురాలు చేశారు. 2006లో కోర్టు ఆదేశాలతో దాన్ని నేలమట్టం చేశారు. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళకు నగరం కొసన సావ్‌దా ఘేవ్రాలో జాగా చూపించారు. 1990కి ముందు వచ్చినట్టు రుజువున్న కుటుంబానికి 18 చదరపు మీటర్లు, ఆ తర్వాత 1998 లోపు వచ్చినవాళ్ళకు పన్నెండున్నర. మన గజాల లెక్కలో ఇరవై ఒకటిన్నర, పదిహేను. శంషాబాద్‌లో కొత్తగా కట్టే ఇళ్ళకు కారు నిలిపే చోటే ఇంచుమించు అంత వదులుతున్నారు.

బస్తీలు కూల్చడం ఢిల్లీకి కొత్త కాదు. ఎమర్జెన్సీలో తుర్క్‌మన్ గేటు దగ్గర ఏం జరిగిందో లోకానికంతా తెలుసు. నంగ్లా మాంచీ నాకు గుర్తుండిపోయింది వేరే కారణానికి. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు, కాగితాల కోసం జనం ట్రంకుపెట్టెలు తిరగేసినప్పుడు, బుల్డోజర్లు దిగినప్పుడు, ఆ సందుల్లో ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వయసు పిల్లలు కొందరు రాస్తూ ఉన్నారు. వాళ్ళు విలేకరులు కారు, పరిశోధకులు అంతకన్నా కారు. అలాంటి బస్తీల్లోనే పెరిగినవాళ్ళు. ఊరు పోతుండగానే, పోయే తీరును పోయినట్టే రాసిపెట్టారు. ఆ రాతలూ, మరో రెండు బస్తీల పిల్లల రాతలూ కలిపి 2007లో 'బహురూపియా శహర్' అనే హిందీ పుస్తకంగా రాజ్‌కమల్ ప్రకాశన్ తెచ్చింది. దాన్ని శ్వేతా సర్దా ఇంగ్లీషు చేయగా 2010లో పెంగ్విన్ 'ట్రిక్‌స్టర్ సిటీ' పేరుతో వేసింది. రాసినవాళ్ళు ఇరవై మంది.

ఆ ఇరవై మంది సంగతి కొత్వాల్‌గూడ పిల్లలకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కొత్వాల్‌గూడ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. శంషాబాద్ మండలంలో, ఒకపక్క హిమాయత్‌సాగర్, ఒకపక్క ఔటర్ రింగ్ రోడ్డు ఉన్న ఊరు. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక నగరాన్ని కాపాడటానికి కట్టిన రెండు జలాశయాల్లో రెండోది హిమాయత్‌సాగర్. అది 1927లో పూర్తయింది. ఆ నీళ్ళు పాడవకుండా 1996లో 111 జీవో వచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. కాపలా పెట్టింది నగరం తాగే నీళ్ళకు, కట్టడి అయింది ఊరివాళ్ళకు. పొలం ఉంటుంది గానీ కంపెనీ రాదు, లేఅవుట్ వేయకూడదు, ధర లేవదు. ఈలోగా కూతవేటు దూరంలో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం లేచింది, 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ వచ్చి ఊరిని ఆనుకుని పోయింది. 2022 ఏప్రిల్‌లో 111 ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో ఇచ్చారు. అదే సంవత్సరం అక్టోబరులో కొత్వాల్‌గూడలోనే 85 ఎకరాల ఎకో పార్కుకు శంకుస్థాపన చేశారు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక జలాశయాల ఒడ్డున బుల్డోజర్ చప్పుడు కూడా మొదలైంది.

ఒక తాత, ఒక తండ్రి, ఒక మనవడు. ఈ మూడు తరాల మీదుగా ఇన్ని నడిచిపోయాయి. మనవడు కథలు రాయాలనుకుంటున్నాడు. లేదా మనవరాలు.

ఇలాంటి ఊళ్ళ నుంచి కాలేజీ కథల పోటీలకు వచ్చే రాతలు నేను చూస్తుంటాను. భాష పరవాలేదు, ఉత్సాహం పుష్కలం. కానీ కథలోకి వెళ్తే ఎక్కడున్నామో తెలియదు. వాన పడుతుంటుంది, కాఫీ షాపు ఉంటుంది, ఒకబ్బాయి ఒకమ్మాయిని పోగొట్టుకుని ఉంటాడు. ఊరు వస్తే సెలవులకు వెళ్ళే అమ్మమ్మగారి ఊరిలా వస్తుంది, పచ్చటి పొలం, అరుగు, చద్దన్నం. రాసిన పిల్లవాడు ఉండేదేమో రాత్రంతా తలమీద విమానాలు దిగే ఊళ్ళో. వాళ్ళ నాన్న కార్గోలో లోడింగ్ డ్యూటీకి పోతాడు, అన్న క్యాబ్ తోలుతాడు, వదిన టెర్మినల్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఇంటి వెనక ఎకరం ఫామ్‌హౌస్ అయింది. వీటిలో ఒక్కటీ కథలోకి రాదు. అడిగితే, "ఇదేం కథ సార్, ఇది మా ఊరు కదా" అంటారు.

ఆశలు ఎటున్నాయో కూడా చెప్పుకోవాలి. పది మందిని అడిగితే ఎక్కువమంది సినిమాకు పాట రాయాలంటారు, డైలాగు రాయాలంటారు, షార్ట్‌ఫిలిం తీయాలంటారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. సినిమావాళ్ళుండే కృష్ణానగర్ ఇక్కణ్ణించి ఒక బస్సు మారితే వస్తుంది, తెలుగులో రాసి డబ్బు కళ్ళజూసే చోటు నిజంగా అదొక్కటే. మిగతావాళ్ళు ప్రతిలిపిలోనో ఇన్‌స్టాలోనో రాస్తారు. అక్కడ చదివేవాళ్ళున్నారు, లైకులున్నాయి. కానీ "ఈ మూడో పేరాలో నీకే నమ్మకం లేదు, మళ్ళీ రాయి" అనే మనిషి లేడు. ఇంట్లో సరే, ఎవరి ఇంట్లోనైనా ఒకటే మాట: ముందు జాబు చూసుకో, తర్వాత నీ కథలు. ఆ మాట అనే అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు. తెలుగులో కొత్తవాళ్ళ కథల పుస్తకం ఐదు వందల కాపీలు వేస్తే, అందులో సగం రాసినవాళ్ళే డబ్బు పెట్టి పంచుకునే రోజులివి.

ఇప్పుడు ఆ ఢిల్లీ పిల్లలు కూర్చుని రాసిన గదిలోకి వెళ్దాం.

2001లో సరాయ్ అనే పరిశోధన కేంద్రమూ, బస్తీల్లో చదువు మీద పనిచేసే అంకుర్ అనే సంస్థా కలిసి ఎల్.ఎన్.జె.పి. ఆసుపత్రి దగ్గరి బస్తీలో ఒక చిన్న గది తెరిచాయి. దానికి సైబర్‌మొహల్లా అని పేరు పెట్టారు. తర్వాత దక్షిణ్‌పురీలో ఒకటి, నంగ్లా మాంచీలో ఒకటి. గదిలో కొన్ని కంప్యూటర్లు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, మాటలు రికార్డు చేసుకునే యంత్రం, కెమెరా. వచ్చేవాళ్ళు పదిహేను నుంచి పాతికేళ్ళలోపు పిల్లలు, చాలామంది బడి మధ్యలో మానేసినవాళ్ళు. పేరు చూసి కంప్యూటర్ కోచింగ్ అనుకుంటాం. ఇళ్ళల్లో పెద్దలు కూడా కంప్యూటర్ నేర్చుకుంటారని పంపి ఉంటారు, ముఖ్యంగా ఆడపిల్లలను. ఆ యంత్రాలు లేకపోతే అజ్రా తబస్సుమ్, యశోదా సింగ్ లాంటివాళ్ళ పేర్లు ఆ పుస్తకం మీద చూసేవాళ్ళమో లేదో.

ఆ గదిలో అసలు పని చాలా సాదాగా ఉండేది. దాదాపు రోజూ కలిసేవాళ్ళు. ఒకరు తాము రాసింది పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. వినడమంటే ఊరికే తల ఊపడం కాదు, విన్నదానికి ప్రతిగా తామూ ఒకటి చెప్పాలి, లేదా రాయాలి. ఒకరు నల్లా దగ్గర తెల్లవారుజామున కట్టే వరస గురించి రాస్తే, ఇంకొకరికి అదే వరసలో తాను విన్న మాట గుర్తొస్తుంది, అదింకో రాత అవుతుంది. మార్కులు లేవు, మొదటి బహుమతి లేదు. గోడపత్రిక ఉండేది, బస్తీవాళ్ళే దాని పాఠకులు. గోడమీద పడ్డదాన్ని పక్కింటివాళ్ళు చదివి "అట్లా కాదు జరిగింది" అంటే రాసినవాడు నిలబడి జవాబు చెప్పుకోవాలి. మన పోటీల జడ్జీలు ఎవరూ ఇంత కఠినంగా ఉండరు, నాతో సహా.

ఇలా నాలుగైదేళ్ళు నలిగాక 2006 వచ్చింది. అదీ అసలు కీలకం. ఇల్లు కూలేనాటికి ఆ పిల్లలకు చూడటం అలవాటైపోయింది, చెవి తయారై ఉంది. కాబట్టి వాళ్ళు రాసినదాంట్లో ఏడుపూ నినాదమూ తక్కువ, పని ఎక్కువ. సర్వే రోజున తాళం వేసి పనికి పోయినవాళ్ళ ఇల్లు లెక్కలోకి రాకపోతే ఏమవుతుంది? రేషన్ కార్డు మీద పేరు ఒకలా, ఓటరు కార్డు మీద ఒకలా ఉంటే ఏ పేరు నిజం? పాతికేళ్ళు ఒకచోట ఉన్నట్టు మనిషి దేనితో రుజువు చేసుకుంటాడు? తన ఇంటిని తానే కూల్చుకుని ఇటుకలు ఏరుకునేవాడికి ఆ ఇటుకల ధర ఎవరు కడతారు? ఇటువంటి ప్రశ్నలు బయటినుంచి వచ్చిన విలేకరికి తట్టవు. తట్టినా మర్నాటి పేపరులో అంత చోటు ఉండదు. వాళ్ళకు రోజూ చోటు ఉంది, రేపు మళ్ళీ కలుస్తామని తెలుసు. లఖ్మీ చంద్ కోహ్లీ, జాను నాగర్, శంషేర్ అలీ, సూరజ్ రాయ్... ఈ పేర్లు హిందీ సాహిత్య సభల్లో పెద్దగా వినపడకపోవచ్చు. ఆ ఏడాది ఢిల్లీ ఎలా ఉండిందో తెలుసుకోవాలనుకున్నవాడు మాత్రం వాళ్ళ దగ్గరికి పోక తప్పదు.

మనదగ్గర ఇలాంటిది లేదా అంటే, ఒకప్పుడు ఉంది. అదీ ఈ హైదరాబాద్ రాజ్యంలోనే. నైజాంలో తెలుగు కవులెక్కడున్నారని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని చూపించిన సంగతి మన పిల్లలందరూ పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు. అందులో నాకు ఇష్టమైనది అంకె కాదు. అన్ని ఊళ్ళకు కబురు పెట్టి, పద్యాలు తెప్పించి, రాసినవాళ్ళ ఊరూ పేరూ వివరాలు పక్కన వేసి, నువ్వు కవివేనని ఒక పత్రికా సంపాదకుడు అచ్చులో ఒప్పుకోవడం. అంతకుముందు వాళ్ళు ఎవరికి వారే కవులు.

ఇంకా దగ్గరి మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్గొండ జిల్లాలో పుట్టి, చదువుకునే వీలు లేక ఇళ్ళల్లో వంటపని చేస్తూ అక్షరాలు కూడబెట్టుకున్నాడు. హోటల్లో పనిచేశాడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెచ్చిన పుస్తకాలను తానే మోసుకుని తిరిగి అమ్మాడు. 'ప్రజల మనిషి' రాసిన నవలాకారుడిగా ఆయన్ని తలుచుకుంటాం. నిజామాబాద్ జైల్లో ఆయనతో ఉన్న యువకవి దాశరథి 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆ అంకితం వెనక ఉన్నది కూడా ఒక గదే. జైలు గది. రాసినదాన్ని వినే ఒక మనిషి పక్కనున్న గది.

ఇటీవలి సంగతికొస్తే, కేంద్ర సాహిత్య అకాడమీ 35 ఏళ్ళలోపు రచయితలకు ఏటా ఇచ్చే యువ పురస్కారాల తెలుగు వరస చూడండి. 2021లో పాత పాలమూరు జిల్లా నుంచి తగుళ్ళ గోపాల్ 'దండకడియం'. 2022లో చిత్తూరు జిల్లా నుంచి పల్లిపట్టు నాగరాజు. 2024లో నిజామాబాద్ జిల్లా తండా నుంచి రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'. వీళ్ళెవరూ జూబ్లీహిల్స్ గురించి రాయలేదు. రమేశ్ కార్తీక్ 1997లో పుట్టాడు. ఇరవై ఒకటో ఏటికే 2018లో 'బల్దేర్ బండి' అనే కవితల పుస్తకం వేశాడు, తర్వాత ఢావ్లో కథలు, ఆ తర్వాత ఇంగ్లీషు కవితలు. బంజారా తండాలో ఆవు, మేక, ముసలమ్మ, కాన్పు, సారా, పండగ, అన్నీ ఆ పిల్లవాడు చూసిన కళ్ళతోనే ఉంటాయి. తండా గురించి అంతకుముందు తెలుగులో ఎవరూ రాయలేదని కాదు, బయటినుంచి చూసి జాలిపడి రాసినవి ఎక్కువ. లోపలి నుంచి వచ్చేసరికి జాలి పోయి జనం మిగిలారు.

కనుక మా ఊళ్ళో ఏముంది రాయడానికి అనే మాటకు తెలుగులోనే జవాబు దొరుకుతుంది, దానికోసం ఢిల్లీ పోనక్కర్లేదు. ఢిల్లీ నుంచి తెచ్చుకోవాల్సింది వేరే. రమేశ్ కార్తీక్‌లూ గోపాల్‌లూ ఒక్కొక్కరుగా గట్టెక్కారు. ఏ టీచరో, ఏ కవిమిత్రుడో, ఏ పత్రిక సంపాదకుడో చెయ్యి అందించి ఉంటారు. అది అదృష్టం మీద ఆధారపడ్డ దారి. నంగ్లా మాంచీలో అదృష్టం స్థానంలో ఒక గది ఉంది. రోజూ తెరుచుకునే తలుపు ఉంది. అందుకే ఒక బస్తీ నుంచి ఒక మేధావి రావడం కాకుండా, మూడు బస్తీల నుంచి ఇరవై మంది వచ్చారు. రచయిత ఒంటరి అన్న నమ్మకం మన పిల్లల్లో బాగా పాతుకుపోయింది. రాత్రి రెండింటికి, అందరూ పడుకున్నాక, సెల్లులో టైపు చేసుకునేవాడే రచయిత అనుకుంటారు. అలా రాసినవాళ్ళు లేకపోలేదు. కానీ పందొమ్మిదేళ్ళకు ఒంటరిగా రాసేవాడు ముప్పై ఏళ్ళకు రాయడం మానేసి ఉంటాడు. నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువమంది మానేశారు. ప్రతిభ లేక మానలేదు, వినేవాళ్ళు లేక మానారు.

గది లేకపోతే కనీసం ఉత్తరమైనా ఉండాలి. కేరళలో కుంజుణ్ణి మాష్ అని ఒక బడిపంతులు, చిన్న చిన్న కవితలకు పేరున్న కవి. మాతృభూమి వారపత్రికలో పిల్లల పేజీని కుట్టేట్టన్ అనే పేరుతో నడిపేవాడు. వచ్చిన రాతలు అచ్చు వేయడంతో ఆగకుండా పిల్లలకు జవాబులు రాసేవాడు, దిద్దేవాడు, దారి చెప్పేవాడు. తర్వాత మలయాళంలో పేరు తెచ్చుకున్న చాలామంది ఆ పేజీలో మొదలైనవాళ్ళే. మన పత్రికల ఆదివారం అనుబంధాలకు ఈ మాట ఎవరైనా చేరవేయాలి. కథ పంపిన కుర్రాడికి మూడు నెలల మౌనం కంటే రెండు వాక్యాల తిరస్కారం మేలు.

ఢిల్లీవాళ్ళది మచ్చలేని కథ అని చెప్పడం లేదు. ఆ గదుల వెనక సంస్థలున్నాయి, నిధులున్నాయి, ఇంగ్లీషు వచ్చిన పెద్దవాళ్ళున్నారు. పుస్తకంలో కొన్నిచోట్ల బస్తీ పిల్లల మాట వెనక సెమినార్ హాలు మాట వినపడుతుంది. నగరం, స్మృతి, ఉనికి అంటూ వాక్యం కాస్త గాలిలోకి లేస్తుంది. ఇంగ్లీషులో వచ్చాకే దానికి ఎక్కువ పేరొచ్చింది, అది మన దేశంలో మామూలే. రాసినవాళ్ళకు రాతతోనే బతుకు గడుస్తుందన్న భరోసా ఆ గది ఇవ్వలేదు, ఇవ్వగలిగేదీ కాదు. సావ్‌దా ఘేవ్రాకు పోయాక అక్కడా ఒక కేంద్రం కట్టాలని ప్రయత్నించారు. అయితే వేళ్ళు తెగిన చోట మళ్ళీ నాటడం ఎంత కష్టమో అక్కడికి పోయిన కుటుంబాలను అడగాలి.

అన్నిటికంటే పెద్ద తేడా మరొకటి ఉంది. నంగ్లాలో పోయింది అందరిదీ ఒకేసారి పోయింది. ఎదురుగా ఉన్నవాడు అధికారి, వెనక ఉన్నది బుల్డోజర్, ఎవరు ఎటో తేలిగ్గా తెలుస్తుంది. కొత్వాల్‌గూడలో అలా కాదు. ఇక్కడ భూమి పోయినవాడూ, భూమి వల్ల లేచినవాడూ ఒకే వాకిట్లో అన్నదమ్ములు. ముందు అమ్మినవాడికి వేలు, ఆగి అమ్మినవాడికి కోట్లు. పెద్దనాన్న పాసుబుక్కులో పేరు ఎట్లా మారిందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆడపిల్ల సంబంధానికి ముందు గుంటల లెక్క అడుగుతారు. అమ్మేటప్పుడు చెల్లెళ్ళ సంతకాలు కావాలి, పెట్టించడానికి చీరలు పెడతారు, పైసలు మాత్రం పెట్టరు. మధ్యవర్తి ఎవరో కాదు, మేనమామే. సర్వే అధికారి మీద కథ రాయడం సులువు, చప్పట్లు కూడా పడతాయి. దసరాకి ఇంటికొచ్చి జమ్మి చేతిలో పెట్టి దీవించే మేనమామ మీద రాయాలంటే గుండె కావాలి. అందుకే పిల్లలు కాఫీ షాపులోకి పారిపోతున్నారని నా అనుమానం. వాళ్ళకు వస్తువు లేదనడం తప్పు. ఉన్న వస్తువు ఇంట్లోనే కూర్చుని చూస్తోంది.

దీనికి విరుగుడు కూడా ఆ గదిలోనే ఉందనుకుంటాను. నలుగురు కలిసి రాస్తే ఒకరి మేనమామ నలుగురి మేనమామ అవుతాడు. ఒకరి ఇంటి గొడవ ఊరి కథ అవుతుంది. పేరు మార్చడం, ఇల్లు మార్చడం, నాలుగు ఇళ్ళ సంగతులు ఒక ఇంట్లో పెట్టడం, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే నేర్పులు. ఒంటరిగా రాసేవాడికి నేరుగా చెప్పడమో, నోరు మూసుకోవడమో, రెండే దారులు కనపడతాయి.

ఇక రాయడానికి ఏముందంటే... వానాకాలంలో హిమాయత్‌సాగర్ నిండితే పేపర్లో 1763.5 అడుగుల లెక్క వస్తుంది, పదిహేడు గేట్లలో ఎన్ని ఎత్తారో వస్తుంది, కింద సర్వీసు రోడ్డు మూసేశారని వస్తుంది. ఆ రోజు రోడ్డుకు అటుపక్క చిక్కుకుని నైట్ డ్యూటీకి పోలేక ఒక పూట జీతం పోయిన సెక్యూరిటీ గార్డు రాడు. నీళ్ళు తగ్గాక బురదలో చేపలేరుకునే పిల్లలు రారు. ఫామ్‌హౌస్‌లో కాపలా ఉండే పాలమూరు కుటుంబం ఉంది. ఎకరం నిండా పచ్చిక పెంచుతారు, వాళ్ళ పిల్లలు దాని మీద ఆడకూడదు. శనివారం రాత్రి పాటలు మోగుతాయి, ఆదివారం పొద్దున సీసాలేరే ముసలామె ఉంటుంది, ఆమెది ఒకప్పుడు అదే పొలం అయ్యుండవచ్చు. ఎకో పార్కులో పక్షులను చూడటానికి టికెట్ పెడితే, రోజూ ఊరికే కొంగలను చూసిన మనిషి ఏమనుకుంటాడు? విమానం ఎక్కని ఇంట్లో ఏ చప్పుడు ఏ విమానానిదో చెప్పగలిగే పిల్లవాడు ఉంటాడు. 69 జీవో వచ్చిన రోజు ఊళ్ళో ఎవరు మిఠాయి పంచారు, ఎవరు పంచలేదు? ముందే అమ్ముకున్నవాళ్ళు ఆ రాత్రి ఏం తిన్నారు?

ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారు. డెబ్బై దాటిన పెద్దమనుషులు చాలామందికి హిమాయత్‌సాగర్ అంటే నాగలి, మోట, చేపలవల. వాళ్ళు పోతే ఆ మాటలూ పోతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పాత ఊరిని తలుచుకుని తీయగా రాసేవాళ్ళకు మన దగ్గర కొరత లేదు. తెలుగులో సగం పల్లె సాహిత్యం నగరానికి వెళ్ళిపోయినవాళ్ళు గుర్తుచేసుకుని రాసిందే. అందులో గొప్పవి ఉన్నాయి, కాదనను. కానీ జ్ఞాపకం ఊరిని కడిగి ఆరేస్తుంది. మురికి, ఈర్ష్య, ధర, తారీఖు, ఇవి ముందు పోతాయి. నంగ్లా మాంచీ పిల్లల దగ్గర ఇవే మిగిలాయి, ఎందుకంటే వాళ్ళు గుర్తు చేసుకోలేదు, అప్పుడే రాసుకున్నారు.

తమ్ముడూ, చెల్లీ, సినిమా పాట రాయాలనుంటే రాయండి, మానమని ఎవరూ అనలేదు. దానితోపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పైన తారీఖు వేయండి. ఆ రోజు గజం ఎంత పలికిందో, నీళ్ళ ట్యాంకర్ ఎంత అడిగాడో, బస్సులో ఎవరు ఏమన్నారో రాయండి. కథ తర్వాత వస్తుంది. వారానికి ఒకసారి మరో ముగ్గురితో కూర్చుని పైకి చదవండి. "సూపర్ రా" అనేవాణ్ణి ఒక్కణ్ణి పిలవండి చాలు, మిగతా ఇద్దరూ అలా అననివాళ్ళు అయితే మంచిది. అమ్మాయిలు రాగలిగే వేళా, రాగలిగే చోటూ చూసుకోండి. సాయంత్రం ఏడింటికి చాయ్ బండి దగ్గర అని పెట్టుకుంటే అది మగపిల్లల గది అయిపోతుంది.

పెద్దవాళ్ళతో ఒక్క మాట. శంషాబాద్ మండలంలో సర్కారు బళ్ళున్నాయి, మహిళా సంఘాల భవనాలున్నాయి, ఎకరాలకెకరాల ఫంక్షన్ హాళ్ళున్నాయి. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా అందులో చాలా గదులకు తాళమే ఉంటుంది. టీచర్లు, సర్పంచులు, హాళ్ళ యజమానులు, ఎవరైనా సరే, ఆ రెండు గంటలకు ఒక తాళంచెవి ఈ పిల్లల చేతికివ్వండి. కంప్యూటర్లు అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. ఒక ఫ్యాను, ఒక చాప చాలు.